ప్రెయిరీలో పడమటి గాలి

కెనడాలో, ప్రెయిరీ అనే గడ్డిమైదానాల మీదుగా, కాల్గరీ నుంచి రిజైనాకు ట్రాన్స్-కెనడా హైవే మీద దాదాపు 760 కిలోమీటర్లు. జూన్‌లో ఒంటరిగా, సామాన్ల సంచులతో ఎనిమిది రోజులు సైకిలు తొక్కాను. ఈ దారి పడమర నుంచి తూర్పుకే తొక్కాలి. కాల్గరీ 1,045 మీటర్ల ఎత్తున ఉంటే రిజైనా 577 దగ్గర ఉంది గానీ, అంత దూరంలో ఆ పల్లం కాళ్లకు తెలియదు. తెలిసేది గాలే. అక్కడ ఎక్కువగా వీచేది పడమటి గాలి. వెనక నుంచి తోస్తే గంటకు 28 కిలోమీటర్లు వెళ్లాను, తిరగబడితే 10 దాటలేదు. ఎదురుగాలి రోజుల్లో పొద్దు పొడవగానే, అంటే ఐదింటికి బయల్దేరి, ఎండెక్కి గాలి పుంజుకునేలోపు ఆపేయడమే మేలు.

ఎదురుగాలి కాళ్లకు మాత్రమే నొప్పి పుట్టిస్తుంది. భయపడాల్సింది పక్కగాలికి. తూర్పుకు వెళ్లేటప్పుడు లారీలు మనకు ఎడమ పక్కగా దాటతాయి. ఉత్తరపు గాలి ఉంటే మనకు తెలియకుండానే ఎడమకు ఒరిగి తొక్కుతుంటాం. లారీ అడ్డొచ్చిన క్షణాన గాలి ఆగి, సైకిలు లారీ వైపే తూలుతుంది. అది దాటగానే గాలి మళ్లీ ఒక్కసారిగా తగిలి కుడికి నెడుతుంది. అద్దంలో లారీ కనబడగానే షోల్డర్ (రోడ్డు పక్కన వదిలిన తారు పట్టీ) కుడి అంచుకు జరిగి, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, తొక్కడం ఆపకుండా ఉండాలి.

షోల్డర్ వెడల్పుగానే ఉంటుంది, కానీ పేలిన లారీ టైర్ల తునకలు దాని మీదే పడుంటాయి. వాటిలోని ఉక్కు తీగలు వెంట్రుకంత సన్నం. తీగను లాగకుండా కొత్త ట్యూబు వేస్తే రెండు కిలోమీటర్లకే మళ్లీ పంక్చర్. వేలితో తడిమితే దొరకదు. టైరు లోపల దూది రుద్దితే దూది పోగు ఎక్కడ చిక్కుకుంటుందో తీగ అక్కడే ఉంటుంది. చిన్న పట్టకారుతో లాగేయాలి. టైరు మీది కంపెనీ పేరు వాల్వు దగ్గరకే వచ్చేలా ఎక్కించుకునే అలవాటుంటే, ట్యూబులో చిల్లి దొరకగానే టైరులో చోటు కూడా తెలిసిపోతుంది.

స్పోకులు తెగేది వెనక చక్రానికి, అదీ గేర్ల వైపే. అక్కడ బిగువు ఎక్కువ. 36 స్పోకుల చక్రం, క్యాసెట్ (వెనక చక్రం మీది గేరు పళ్ల గుత్తి) విప్పే పనిముట్టు లేకుండా ఈ దారికి రావద్దు. బరువులో కొంత ముందు క్యారియర్‌కు మార్చండి.

నీళ్లు ఆరు లీటర్లు వెంట ఉండాలి. మెడిసిన్ హ్యాట్ నుంచి స్విఫ్ట్ కరెంట్ 220 కిలోమీటర్లు, అక్కణ్నుంచి మూస్ జా మరో 175. మధ్యలో మ్యాప్‌లో ఊరి పేరున్నంత మాత్రాన దుకాణం ఉంటుందనుకోకూడదు. మేపుల్ క్రీక్ హైవే దిగి దక్షిణానికి వెళ్తే గానీ రాదు. చాప్లిన్ సరస్సు నీళ్లు చూసి ఫిల్టర్ తీయకండి. అంచున తెల్లగా పేరుకున్నది సోడియం సల్ఫేట్. నీళ్లలో కరిగిన ఉప్పును మన చేతి ఫిల్టర్లు ఆపలేవు. ఒడ్డున మేత వెతుక్కునే పిట్టల్ని చూడ్డానికి మాత్రం కాసేపు ఆగొచ్చు.

రిజైనా చుట్టూ ఉన్న బంకమట్టి మన నల్లరేగడికి చుట్టమే. వాన పడ్డాక హైవే దిగి మట్టిదారి పట్టానా, నూరు మీటర్లలో మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ముద్ద గట్టిపడి చక్రం తిరగడం మానేసింది. తోసినా కదలదు. టెంటు మేకుతో గోకి, మడ్‌గార్డులు విప్పి, ముందు సంచులు, తర్వాత సైకిలు, రెండు విడతలుగా మోసుకుంటూ మళ్లీ తారు రోడ్డెక్కాలి.