నలభై అయిదు డాలర్ల తొంభై సెంట్లు

పన్నెండు దాటింది. పడుకుందామంటే చిన్నోడి పే స్టబ్, అదే జీతం చీటీ, కళ్ళ ముందే తిరుగుతోంది.

మొదటి జీతమని సాయంత్రం రసమలాయ్ డబ్బా తెచ్చాడు. అందరం తిన్నాక ఫోన్‌లో చూపించాడు. గంటకి 15 డాలర్లు, వారానికి 20 గంటలు, రెండు వారాలకి 600. కింద పన్నుల దగ్గర సోషల్ సెక్యూరిటీ (పింఛన్ల కోసం పట్టేది) 37.20, మెడికేర్ (పెద్దవాళ్ళ వైద్యం కోసం పట్టేది) 8.70. "అందరికీ కట్ అవుతుంది కదక్కా" అన్నాడు.

అవ్వకూడదు. అమెరికాకి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్ళు మొదటి అయిదు కేలండర్ సంవత్సరాలూ పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్లే, వాళ్ళకి ఆ రెండూ పడవు. వీడు దిగింది 2025 ఆగస్టులో. ఆ కొన్ని నెలలూ ఒక సంవత్సరం కింద పోయినా 2029 చివరిదాకా మినహాయింపు ఉంది. ఓపీటీలో, అంటే అదే వీసా మీద చదువుకి సంబంధించిన ఉద్యోగం చేసే అనుమతిలో ఉన్నా అంతే. జీతంలో 7.65 శాతం! సెమిస్టర్‌కి ఎనిమిది జీతాలు వేసుకుంటే 367 డాలర్లు, వాడి నెల అద్దె వాటా కంటే ఎక్కువ. పేరోల్‌వాళ్ళ మీద ఎంత కోపం వచ్చిందో. జీతాలు లెక్కగట్టడమే పనిగా ఉన్నవాళ్ళకి ఇది తెలియకపోతే ఎలా?

ఇంతవరకూ రాసి, వాడు చేరినప్పుడు నింపిన ఫారాలు తెరిచి చూశాను. ఆ డైనింగ్ హాల్ నడిపేది బయటి కాంట్రాక్టరు. విద్యార్థి వీసా సంగతి వాళ్ళకి మనం చెప్తేనే తెలిసేది. పైగా "రెసిడెంటా?" అన్నచోట వీడే టిక్ పెట్టాడు, ఈ ఊళ్ళోనే ఉంటున్నా కదా అని. పాపం, ఆ ప్రశ్న అడిగేది పన్ను లెక్క కోసమని అక్కడ ఒక్క ముక్క రాసి లేదు.

నిరుడు మార్చిలో ఈ రెసిడెంట్ అన్న మాటే ఎదురింటి నలుగురినీ ముంచింది. ఎవరికో రీఫండ్ ఎక్కువొచ్చిందని నలుగురూ అదే సాఫ్ట్‌వేర్‌లో 1040 అనే ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేశారు. అది రెసిడెంట్లది, మనం వెయ్యాల్సింది 1040-ఎన్‌ఆర్. మనకి రాని ఎడ్యుకేషన్ క్రెడిట్ (చదువు ఖర్చుకి పన్నులో ఇచ్చే తగ్గింపు) కూడా అందులో తీసేసుకున్నారు. తర్వాత సవరణ రిటర్న్ 1040-ఎక్స్ పెట్టి, ఆ డబ్బు వడ్డీతో సహా వెనక్కి కట్టారు. నిజానికి ఇండియా విద్యార్థులకి రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడకుండా తీసేసే మొత్తం) 1040-ఎన్‌ఆర్‌లోనే వస్తుంది. ఇంత చిన్న జీతానికి అదే చాలు. ఆ సంగతి ముందే వాళ్ళకి ఎవరైనా చెప్పి ఉంటే!

వీడిది అంత దూరం పోలేదు. రేపు పేరోల్‌కి మెయిల్ పెట్టాలి: ఐ-20 (కాలేజీ ఇచ్చే పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), వీసా పేజీ, పన్నుల శాఖ ఐఆర్ఎస్ పబ్లికేషన్ 519లో విద్యార్థుల పేజీ జతచేసి. స్టేటస్ మార్చమని, పట్టుకున్నది వెనక్కివ్వమని అడగాలి. ఏడాది దాటకముందే అడిగితే తర్వాతి జీతాల్లో సర్దడం వాళ్ళకి తేలిక, దాటితే డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్నుల పత్రం) కూడా సవరించి ఇవ్వాలి. కుదరదంటే డబ్బు వెనక్కి అడిగే ఫారం 843, దానితో జతచేసే ఫారం 8316, డబ్ల్యూ-2 కాపీ ఐఆర్ఎస్‌కి పోస్టులో పంపాలి. ఏప్రిల్‌లో రిటర్న్ వేస్తే ఇదీ వచ్చేస్తుందని చాలామంది ఊరుకుంటారు. రాదు. అందులో వచ్చేది ఇన్‌కమ్ టాక్స్ ఒక్కటే.

వాడి షిఫ్ట్ ఏడింటికి. లేచేలోపు ఐ-94 ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టాలి.