భజన కాగితానికి వెల కట్టొద్దు

ఓం నమః శివాయ. మా సత్సంగంలో పాడే అమ్మ (మాతా అమృతానందమయి) భజనల్లో సగానికి పైగా మలయాళం పాటలే. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పుస్తకం చూస్తూ పాడాలంటే పెద్దవాళ్లకి టెన్షన్. జడ్, హెచ్ పక్కపక్కన కనపడగానే నోరు 'జ' అనేస్తుంది, మన పేపర్లు కోళిక్కోడ్‌ని కోజికోడ్ చేసేసినట్టు. అందుకే వారం వారం నాలుగైదు పాటలు తెలుగులో రాసి పంచుతున్నాను.

నిజానికి ఈ పనికి మన లిపి బాగా పనికొస్తుంది. పొట్టి ఎ, పొట్టి ఒ మనకి విడిగా ఉన్నాయి, హిందీలో రాసుకునేవాళ్లకి ఆ సుఖం లేదు. చిక్కు వచ్చేది కొన్ని చోట్లే. లిపి మార్చే సాఫ్ట్‌వేర్‌కి మలయాళంలో 'నా' అనే అర్థమున్న మాట ఇస్తే అక్షరానికి అక్షరం పెట్టి 'ఎన్ఱె' అంటుంది, పాడేవాళ్లు మాత్రం దాదాపు 'ఎండె' అంటారు. గాలి అనే మాట 'కాఱ్ఱ్' అని వస్తుంది, పలికేది 'కాట్ట్'. ఉత్సవాన్ని వాళ్లు 'ఉల్సవం' అంటారు, అలా రాసిస్తే మనవాళ్లు అచ్చుతప్పని దిద్దేస్తారు! అందుకే నేను ముందు రికార్డింగ్ విని, తర్వాతే రాస్తాను. ఇక కోళిక్కోడ్‌లోని ఆ 'ళ' అసలు మన 'ళ' కాదు. దానికి పాత శాసనాల్లో మనకీ ఒక అక్షరం ఉండేది, యూనికోడ్‌లో కూడా చేర్చారు, కానీ చాలా ఫోన్లలో డబ్బా కనిపిస్తుంది. వాళ్లు ఆ శబ్దం పలికే చోట మనకి చాలాసార్లు 'డ' ఉంటుంది, మన కోడి, ఏడు వాళ్ల దగ్గర అలాగే పలుకుతాయి. నేను 'ళ' కింద గీత గీస్తున్నాను, గీత కనపడితే నాలుక ఇంకాస్త వెనక్కి మడవండి, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఇవన్నీ కలిపి బుక్కు వేసి యాభై రూపాయలకి అమ్మి, వచ్చింది కేరళలోని అమ్మ ఆశ్రమానికి పంపుదామని ఒకాయన అన్నారు. ఉద్దేశం మంచిదే, నాకు మాత్రం ఇష్టం లేదు. ఆ పాటలు నావి కావు, భజన పుస్తకాలు ఆశ్రమమే అమ్ముతుంది, కొనేదేదో అక్కడే కొనండి. పైగా ఆ యాభైలో ప్రింటింగ్ ఎంత, దానం ఎంత అన్న లెక్క చూసేదెవరు? అలా కలిపేస్తే ఇచ్చినవాళ్లకి రసీదూ ఉండదు.

ఇవ్వాలనుకుంటే నేరుగా ఇవ్వండి. 2004 సునామీలో ఆశ్రమంలోకే నీళ్లొచ్చాయి, అయినా చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి అన్నం పెట్టి, తర్వాత సహాయానికి 100 కోట్లు ప్రకటించారు. 1998లో మొదలైన కొచ్చి అమృత ఆసుపత్రిలో బీదవాళ్లకి ఉచితంగానో తక్కువ ఖర్చుతోనో వైద్యం జరుగుతోంది. మన డబ్బు చేరాల్సింది అలాంటి చోటికి, నా జెరాక్స్ కాగితాలకి కాదు.

బ్యాంకు ద్వారా పంపితే మేలు. విరాళానికి 80జీ కింద ఆదాయపు పన్ను మినహాయింపు కావాలనుకునేవాళ్లు పాన్ నంబరు ఇవ్వండి, నగదుగా 2,000 దాటి ఇస్తే మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలోకి మారినవాళ్లకి ఎలాగూ లేదు, వాళ్లు పుణ్యంతో సరిపెట్టుకోవాలి. అమెరికా సిటిజన్లయిన మన పిల్లలు దయచేసి నా ఖాతాలో వేసి 'అంకుల్, మీరు కట్టేయండి' అనొద్దు. అది విదేశీ విరాళం కిందకి వస్తుంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత అలాంటి డబ్బు సంస్థ పేరున ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఉన్న ఖాతాకే రావాలి. వివరాలు ఆశ్రమాన్నే అడగండి.

ఎవరెంత ఇచ్చారో గ్రూపులో పెట్టకండి కూడా. పదివేలు ఇచ్చినావిడ పేరు కింద వంద ఇచ్చినావిడ పేరు రాస్తే, ఆ రెండో ఆవిడ మళ్లీ భజనకి రాదు.

జెరాక్స్ ఖర్చు మేం పెట్టుకుంటాం అనేవాళ్లు షాపువాడికే ఇచ్చేయండి, నాకొద్దు. వచ్చే వారం పాటలు బుధవారానికల్లా పెడతాను, అక్షరాలు కాస్త పెద్దవి చేసి.