పట్టికలో ఐర్లాండ్ ఎక్కడుందో ముందు చూడండి

ఏడాదికి రెండు మూడుసార్లయినా ఎవరో ఒకరు నాకు ఒక పట్టిక పంపిస్తారు. ఎడమవైపు దేశాల పేర్లు, కుడివైపు డాలర్లలో తలసరి ఆదాయం, కింద ‘చూశావా, వాళ్లు వీళ్లని దాటేశారు’ అని ఒక మాట. నేను తిరిగి అడిగేది ఒకటే, ఇది ఏ లెక్క అని. మారకం రేటు ప్రకారమా, కొనుగోలు శక్తి (అక్కడి ధరల్లో ఆ డబ్బుతో ఎంత కొనగలరు అన్నది) ప్రకారమా? జీడీపీనా (దేశం లోపల జరిగిన ఉత్పత్తి విలువ), జాతీయాదాయమా (ఆ దేశంవాళ్లకి అందే ఆదాయం)? ఈ ప్రశ్న చాలామందికి విసుగు తెప్పిస్తుందని తెలుసు. కానీ దానికి జవాబు మారితే సగం దేశాల స్థానాలు తారుమారైపోతాయి, అందుకే అడగకుండా ఉండలేను.

ఐర్లాండ్ సంగతే చూడండి. 2015లో తమ జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగిందని అక్కడి గణాంకాల కార్యాలయం 2016 జులైలో ప్రకటించింది. అంత పెరుగుదలంటే దేశమంతా కొత్త ఫ్యాక్టరీలు, కొత్త ఉద్యోగాలు కనిపించాలి కదా. అలాంటిదేమీ లేదు. కొన్ని బహుళజాతి కంపెనీలు పన్నులు కలిసొస్తాయని తమ పేటెంట్లు, ఇతర మేధో హక్కులు ఐర్లాండ్‌కి మార్చుకున్నాయి. దాంతో వేరే దేశంలో కాంట్రాక్టు మీద తయారై, ఇంకో దేశంలో అమ్ముడుపోయిన సరుకు కూడా, హక్కుదారు ఐర్లాండ్‌లో ఉన్నాడు కాబట్టి, ఐర్లాండ్ ఖాతాలో పడింది. ఇందులో ఎవరూ లెక్కలు తప్పు రాయలేదు, అంతర్జాతీయ నిబంధనల ప్రకారమే రాశారు. ఆ అంకెతో తమ దేశం గురించి ఏమీ తెలియడం లేదని వాళ్లకే అర్థమై, 2017 నుంచి ఇలాంటి ప్రభావాలు తీసేసిన ‘సవరించిన జాతీయాదాయం’ అని వేరే అంకె ఇస్తున్నారు. అది జీడీపీ కన్నా చాలా తక్కువ. ఇక తలసరి జీడీపీలో ఐరోపా సమాఖ్య సగటుకి ఎంతో పైన ఉండే ఈ దేశం, కుటుంబాలకి నిజంగా అందే వస్తువులు, సేవల లెక్కలో ఆ సగటు దగ్గరే ఉంటుంది, కొన్నేళ్లు దానికన్నా కిందే.

అసలు జాతీయాదాయం లెక్క మొదలైంది దేశాలకి ర్యాంకులివ్వడానికి కాదు. 1930ల మాంద్యంలో అమెరికా ప్రభుత్వానికి దేశం మొత్తం మీద ఎంత నష్టం జరిగిందో తెలియదు. రైళ్లలో ఎంత సరుకు వెళ్తోంది, ఉక్కు ఎంత తయారవుతోంది, షేర్ల ధరలు ఎలా ఉన్నాయి, ఇలా ముక్కలు ముక్కలుగా తెలుసు, అంతే. ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ 1934లో సెనేట్‌కి ఇచ్చిన నివేదికతో, 1929 నుంచి 1932కి ఆదాయం దాదాపు సగానికి పడిపోయిందని తేలింది. ఒక దేశపు జాతీయాదాయాన్ని బట్టి ఆ దేశ ప్రజల సంక్షేమాన్ని అంచనా వేయలేమని ఆయన అదే నివేదికలో హెచ్చరించాడు కూడా. అంకెని అందరూ పట్టుకున్నారు, హెచ్చరికని వదిలేశారు.

దేశాల మధ్య పోలిక దగ్గరికొస్తే ఇంకో చిక్కు ధరలు. ఒక పేద దేశంలో మంగలి ఇరవై నిమిషాల్లో జుట్టు కత్తిరిస్తాడు, ధనిక దేశంలోనూ అదే కత్తెర, అదే ఇరవై నిమిషాలు. కానీ మారకం రేటుతో డాలర్లలోకి మారిస్తే మొదటివాడి పని విలువ రెండోవాడి పనిలో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. సెల్‌ఫోన్‌నైతే ఓడలో ఎక్కించి ఎక్కడైనా అమ్మొచ్చు, క్షవరాన్ని ఎగుమతి చేయలేం కదా. ఎగుమతయ్యే సరుకుల్లో ఉత్పాదకత తక్కువున్న దేశంలో జీతాలన్నీ తక్కువగా ఉంటాయి, దాంతో ఇలాంటి సేవలు చవకవుతాయి. 1964లో ఆర్థికవేత్తలు బలాస్సా, శామ్యూల్సన్ విడివిడిగా చెప్పింది ఇదే. కాబట్టి మారకం రేటుతో కొలిస్తే పేద దేశాలు ఉన్నదానికన్నా పేదగా కనిపిస్తాయి.

దీన్ని సరిచేయడానికే 1968లో ఐక్యరాజ్యసమితి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి అంతర్జాతీయ పోలిక కార్యక్రమం (ఐసీపీ) మొదలుపెట్టాయి. మొదట పది దేశాలు, 2021 విడతలో 176. పని చెప్పడానికి తేలికే, ఒకే వస్తువు ధర అన్నిచోట్లా రాసుకోవడం. కానీ ధరలు రాసే మనిషి చేతికి ‘బియ్యం’ అని రాసిన కాగితం ఇస్తే సరిపోదు. పొడుగు గింజా పొట్టి గింజా, ఉప్పుడా పచ్చిదా, విడిగానా ప్యాకెట్టా, ఎంత బరువు, ఇవన్నీ ఉండాలి, లేకపోతే ఒకచోట మేలురకం ధర, ఇంకోచోట నాసిరకం ధర రాసుకొచ్చి పోలుస్తాం. అంత జాగ్రత్తపడ్డా ఇథియోపియా దగ్గర ఆగిపోతాం. అక్కడ జనం రోజూ తినేది టెఫ్ అనే చిరుధాన్యం, చాలా దేశాల్లో అది దొరకదు. దొరకని వస్తువుకి ధర ఎక్కడి నుంచి తెస్తాం? పోనీ అన్నిచోట్లా దొరికే వస్తువులే తీసుకుందామంటే, వాటిలో కొన్ని ఇథియోపియాలో డబ్బున్నవాళ్లు మాత్రమే కొనేవి. అందరికీ పోల్చదగ్గ వస్తువు, అక్కడి జనం నిజంగా వాడే వస్తువు, రెండూ ఒకటి కాకపోవడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన విషయమని నాకనిపిస్తుంది. ఎంత కంప్యూటర్ శక్తి ఉన్నా ఇది పోదు.

దీని ప్రభావం ఎంతుంటుందో 2007 డిసెంబర్‌లో తెలిసింది. ఐసీపీ 2005 ధరల సర్వే ఫలితాలు రాగానే, కొనుగోలు శక్తి ప్రకారం చైనా ఆర్థిక వ్యవస్థ అంతకుముందు అనుకున్నదానికన్నా దాదాపు 40 శాతం చిన్నదని తేలింది. భారత్ అంకె కూడా దాదాపు అంతే తగ్గింది. కొత్త ధరలతో, రోజుకి 1.25 డాలర్ల కొత్త పేదరిక రేఖతో మళ్లీ లెక్కేస్తే, వంద కోట్లకి కాస్త తక్కువ అనుకున్న ప్రపంచ పేదల సంఖ్య 140 కోట్లయింది. అన్నట్టు, ప్రపంచ బ్యాంకు పేదరిక రేఖ 2025 జూన్ నుంచి రోజుకి 3 డాలర్లు. దాన్ని మారకం రేటుతో గుణించి స్థానిక డబ్బులోకి మార్చేవాళ్లు చాలామంది కనిపిస్తారు. దయచేసి అలా చేయకండి, అవి కొనుగోలు శక్తి డాలర్లు, పేద దేశాల్లో ఆ రేఖ మీరు వేసిన లెక్కకన్నా చాలా కింద ఉంటుంది.

ఆధార సంవత్సరం, అంటే జీడీపీ లెక్కకి ఏ ఏడాది ధరల్ని, ఏ ఏడాది ఆర్థిక వ్యవస్థ రూపాన్ని ప్రమాణంగా తీసుకుంటారో అది, పాతబడినా ఇంతే. నైజీరియా 2014 ఏప్రిల్‌లో 1990ని వదిలి 2010ని ఆధారంగా తీసుకుంటే జీడీపీ 89 శాతం పెరిగింది, దక్షిణాఫ్రికాని దాటి ఆ ఖండంలో మొదటి స్థానానికి వచ్చింది. మొబైల్ ఫోన్లు, సినిమా పరిశ్రమ పాత లెక్కలో సరిగా కనిపించేవి కావు. అవన్నీ ముందు నుంచీ ఉన్నవే, ఆ రోజు ఎవరి ఇంటికీ కొత్తగా ఒక్క నైరా రాలేదు. ఇక ఇంట్లో జీతం లేకుండా చేసే వంట, పిల్లల పెంపకం, ముసలివాళ్ల సేవ ఏ దేశం జీడీపీలోనూ లేవు, దాని గురించి విడిగా రాస్తాను.

మరి ఏది చూడాలి? దిగుమతుల బిల్లు కట్టగలరా, విదేశీ అప్పు తీర్చగలరా అన్నదానికి మారకం రేటు లెక్కే సరైనది, ఆయిల్ అమ్మేవాడు కొనుగోలు శక్తి డాలర్లు తీసుకోడు. మనుషులు ఎలా బతుకుతున్నారో తెలియాలంటే మాత్రం నేను జీడీపీ పక్కనపెట్టి ‘వాస్తవ వ్యక్తిగత వినియోగం’ చూస్తాను. కుటుంబాలు కొనుక్కునేవాటితో పాటు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే చదువు, వైద్యం కూడా అందులో కలుస్తాయి, కాబట్టి ఆసుపత్రి బిల్లు జేబులోంచి కట్టే దేశాన్నీ, కట్టక్కర్లేని దేశాన్నీ పక్కపక్కన పెట్టొచ్చు. అదీ సగటే, ఎవరికెంత అందిందో చెప్పదు, దానికి మధ్యగత ఆదాయం (అందరినీ ఆదాయం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడిది) వెతుక్కోవాలి. ప్రపంచ బ్యాంకు ఐసీపీ డేటాలో ఈ వినియోగం తలసరి లెక్కతో సహా ఉచితంగా దొరుకుతుంది. ఈసారి పట్టిక పంపేముందు ఆ కాలమ్ కూడా పక్కన పెట్టి పంపండి, అప్పుడు కూర్చుని ఎంతసేపైనా మాట్లాడుకుందాం.