ఎస్తేరు చుట్టకు అంచు: నాలుగో నెల లెక్క

ఎస్తేరు చుట్ట అంచుకి వరసగా గీస్తున్న ద్వారాల బొమ్మల్లో నాలుగు నెలలకు మూడు అయ్యాయి, నాలుగోది నిన్న రాత్రి పెన్సిల్ గీతల దాకా వచ్చింది. ఎక్కడ ఎంత టైం పోయిందో, ఏది ఎలా చెడిందో రాసిపెడితే ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

యూదులు పూరీము పండగకి బైబిల్లోని ఎస్తేరు గ్రంథాన్ని చుట్టలోంచి చదువుతారు. ఆ చుట్టని మెగిల్లా అంటారు. నేను వేస్తున్నది దాని చుట్టూ ఉండే అలంకారపు అంచు. తోరా, అంటే యూదుల ముఖ్య ధర్మగ్రంథం, రాసిన చుట్టలో బొమ్మలు వేయరు. ఎస్తేరు కథలో మాత్రం దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు, దీనికి బొమ్మలు వేసుకునే స్వేచ్ఛ దొరకడానికి కారణం అదేనని చెబుతారు. ఇళ్లలో దాచుకునే మెగిల్లాల మీద ఇటలీలో, తర్వాత హాలండ్‌లో స్తంభాలు, పూలకుండీలు, పక్షులు, కథలోని ఘట్టాలు ఎంత ముచ్చటగా వేశారో చూస్తే చెయ్యి ఊరుకోదు.

నా నమూనా షాలోమ్ ఇటాలియా పని. 1619 ప్రాంతంలో ఇటలీలోని మాంటువాలో పుట్టి ఆమ్‌స్టర్‌డామ్‌లో పనిచేసిన చెక్కుడు కళాకారుడు. రాగిరేకు మీద వరసగా పెద్ద పెద్ద ద్వారాలు చెక్కి, పార్చ్‌మెంట్ (రాతకోసం సిద్ధం చేసిన తోలు) మీద అచ్చు వేసి, ద్వారం లోపల ఖాళీ వదిలేవాడు. ఆ ఖాళీలో లేఖకుడు చేత్తో హీబ్రూ పాఠం రాసుకునేవాడు. ద్వారానికీ ద్వారానికీ మధ్య ఎస్తేరు రాణి, అహష్వేరోషు రాజు లాంటివాళ్లు నిలబడి ఉంటారు, కింద దిమ్మెల మీద చిన్న చిన్న ఘట్టాలు. నేను అచ్చు వేయడం లేదు, నిబ్‌తో గీస్తున్నాను. లోపలి ఖాళీ కూడా ఖాళీగానే ఉంచుతున్నాను. ఆ పాఠం రాయాల్సింది సోఫెర్, అంటే దానికోసమే శిక్షణ పొందిన యూదు లేఖకుడు, అదీ దానికోసమే సిద్ధం చేసిన తోలు మీద. నా చేతిలో ఉన్నది ఆ తోలూ కాదు, నాకు ఆ అర్హతా లేదు.

తోలు సంగతికొస్తే, బయటినుంచి తెప్పించే పార్చ్‌మెంట్ ధర చూశాక ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వెళ్లాను. తోలుబొమ్మలు చేసే ఊరు. మేకతోలు శుభ్రం చేసి, బిగించి ఆరబెట్టి వాళ్లు తయారుచేసేది దాదాపు పార్చ్‌మెంటే, కాకపోతే వెలుగు దానిలోంచి దూరాలి కాబట్టి అద్దంలా పల్చగా, నున్నగా ఉంటుంది. రాతకి పనికొచ్చేది తెల్లగా, కొంచెం గరుకుగా ఉండాలి. మొదటి ముక్క మీద నేరుగా గీస్తే సిరా తామరాకు మీద నీళ్లలా చుక్కలు కట్టింది. తర్వాత 400 నంబరు ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్ది, పైన సుద్దపొడి చల్లి గుడ్డతో అద్ది దులిపితే పట్టింది. ఒక్కో ముక్కకి నలభై నిమిషాలు పడుతుంది. చేతికి నూనె తగలకుండా చూసుకోండి, వేలిముద్ర పడ్డచోట సిరా నిలవదు, నా రెండో ద్వారం ఎడమ స్తంభం మీద ఇప్పటికీ ఆ మచ్చ కనిపిస్తుంది.

సిరా నేనే చేసుకున్నాను. మెగిల్లా లేఖకులు వాడే సిరాల్లో పేరుపడ్డది మాచికాయ సిరా, ఆ సరుకంతా మన మూలికల కొట్లో దొరుకుతుంది: మాచికాయలు, అన్నభేది (ఇనుప లవణం), తుమ్మజిగురు. 30 గ్రాముల మాచికాయలు దంచి 300 మిల్లీలీటర్ల నీళ్లలో వారం నానబెట్టి వడకట్టాను, అందులో 10 గ్రాముల అన్నభేది, 10 గ్రాముల జిగురు. గీసేటప్పుడు పల్చని బూడిద రంగులో ఉంటుంది, గాలి తగిలి తెల్లారేసరికి నల్లబడుతుంది. ముందురోజు రాత్రి వెలిసిపోయినట్టున్న పూలతీగ పొద్దున్నే నల్లగా, పదునుగా లేచి కనిపించిన క్షణం నాకు చాలా ఇష్టం. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుప నీళ్లు నల్లబడేది కూడా ఈ సంగతే, వగరుకి ఇనుము తగలడం. అన్నభేది ఎక్కువేస్తే మాత్రం కొన్నేళ్లకి సిరా తోలుని తినేస్తుంది, కాబట్టి తూకం లేకుండా చేయకండి.

ఇక నా పెద్ద తప్పు. ఘట్టాల క్రమం ట్రేసింగ్ పేపర్ మీద ఎడమనుంచి కుడికి వేసుకున్నాను, అలవాటు కొద్దీ. రాజు మొదటి రాణి వష్తి విందు ఎడమ చివర, ఎస్తేరుకి కిరీటం దాని పక్కన. హీబ్రూ కుడినుంచి ఎడమకి నడుస్తుంది, చుట్ట విప్పేది కూడా అటునుంచే. మొదటి రెండు ద్వారాలు సిరాతో దిద్దాక కానీ గుర్తుకు రాలేదు, చాలా బాధేసింది. దిమ్మెల మీది బొమ్మలు మాత్రం బ్లేడుతో గీకి మళ్లీ గీశాను. పల్చనిదే అయినా తోలు గట్టిగా ఉండటం ఇక్కడ కలిసొచ్చింది, కాగితమైతే చిరిగిపోయేది. గీకినచోట మళ్లీ ఉప్పుకాగితం, సుద్ద తప్పవు, లేకపోతే సిరా పాకుతుంది. ఇప్పుడు బొమ్మల వరస కుడినుంచే, కానీ సిరా దిద్దడం మాత్రం ఎడమనుంచి మొదలుపెడతాను, నాది కుడిచేతివాటం కాబట్టి తడి గీతల మీద అరచెయ్యి పడదు.

కొలతలు చెబుతాను. తోలు ఎత్తు 22 సెంటీమీటర్లు, లోపలి కిటికీ, అంటే పాఠం కోసం వదిలిన ఖాళీ, 9 వెడల్పు, 12 ఎత్తు. అంచు వేసేవాడు ముందు కొలవాల్సింది కిటికీనే, స్తంభాలు తర్వాత. అక్షరాలు వేయకపోయినా వరసలకు మొద్దు సూదితో, సిరా లేకుండా గీతలు నొక్కాను, లేఖకులు కూడా అలాగే నొక్కి పై గీతకి అక్షరాన్ని వేలాడదీస్తారు. నా కిటికీకి 21 వరసలు. ఒక్క కిటికీకి మాత్రం 11, అదే కథలోని దుష్టమంత్రి హామాను పదిమంది కొడుకుల పేర్లు వచ్చేది. అక్కడ కుడివైపు ఒక మాట, ఎడమవైపు ఒక మాట, మధ్యలో ఖాళీ, పర్షందాతా మొదలు వైజాతా దాకా పేర్లన్నీ కుడి అంచు పట్టుకుని ఒకదాని కింద ఒకటి దిగుతాయి. చదివేవాళ్లు ఈ పది పేర్లూ ఒకే ఊపిరిలో చదువుతారు. అందుకే ఆ ద్వారానికి తీగలు, పక్షులు తగ్గించి ఉత్త స్తంభాలే వేయాలనుకుంటున్నాను, మధ్య ఖాళీయే కంటికి ఆనాలి.

పోయిన వారం రెండ్రోజులు ముసురు పట్టింది. తోలు తేమ పీల్చుకుని అంచులు లేచి, నొక్కిన గీతలు అలల్లా వంకరపోయాయి. పలకకి నాలుగువైపులా క్లిప్పులు పెట్టి, పైన అద్దం పెట్టి ఉంచితే మూడో రోజుకి సర్దుకుంది. ఇకనుంచి పని లేనప్పుడు కూడా క్లిప్పులు తీయను.

వచ్చే నెలకి నాలుగో ద్వారం సిరా అయిపోవాలి, ఆ తర్వాత రెండు ముక్కలు కలిపి కుట్టాలి. లేఖకులు జంతువుల నరాల దారంతో కుడతారు, అది నాకు దొరకలేదు, మైనం పట్టించిన నార దారంతో పాడైన ముక్కల మీద కుట్టి చూస్తున్నాను. అతుకు రెండు ద్వారాల మధ్య నిలబడ్డ, ఎస్తేరుని పెంచిన మొర్దెకై మీదుగా పోకుండా ఆయన్ని రెండు సెంటీమీటర్లు ఎడమకి జరిపాను, పెన్సిల్ గీతే కాబట్టి సులువుగా అయింది.