కుప్పలు

అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పాత పాలపొడి డబ్బాలో వేసేది. ఏ పూటా మానేది కాదు. నెలాఖరు రోజుల్లో పిడికిలి కాస్త బిగిసేదేమో గానీ, డబ్బా మూత తీయకుండా మాత్రం ఉండేది కాదు. శనివారం సాయంత్రం చర్చిలోని స్త్రీల మైత్రి వాళ్ళు సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం అన్నీ అందులోనే. ఆ కలగూర అన్నం ఎలా ఉడికేదో పాస్టరమ్మగారికే తెలియాలి.

బైబిల్లో 2 దినవృత్తాంతములు 31వ అధ్యాయం చదివితే నాకు ఆ సంచే గుర్తొస్తుంది. యూదా రాజు హిజ్కియా దేవుని మందిరం తలుపులు తెరిపించాడు, జనం సంతోషంగా పస్కా పండుగ ఆచరించారు. ఉజ్జీవం అంటే మనం అక్కడికే ఆగిపోతాం. మూడు రోజుల సభలు, మైకులు, కన్నీళ్ళు, అయిపోయింది. బైబిలు మాత్రం ఆ వెంటనే, యాజకులకూ మందిరంలో సేవచేసే లేవీయులకూ జనం తెచ్చిచ్చిన ధాన్యం, ద్రాక్షారసం, నూనె, తేనె లెక్కలోకి దిగుతుంది. మూడో నెలలో వేయడం మొదలుపెట్టిన కుప్పలు ఏడో నెలకి పూర్తయ్యాయట. అంటే గోధుమ కోతల దగ్గర్నుంచి పళ్ళ కాలం దాకా, పండింది పండినట్టు తెస్తూనే ఉన్నారు.

రాజు వచ్చి చూసి, ఏమిటీ కుప్పలని అడిగాడు. ప్రధానయాజకుడు అజర్యా చెప్పిన జవాబు నాకు భలే ఇష్టం. వీళ్ళు తేవడం మొదలుపెట్టాక కడుపునిండా తింటున్నాం, ఇంకా బోలెడు మిగిలింది అన్నాడు. అంతకుముందు ఎన్ని పూటలు నిండలేదో! అలాంటి రోజులే చాలా కాలం తర్వాత నెహెమ్యా 13లో మళ్ళీ కనిపిస్తాయి. తమకు రావలసిన పాళ్ళు అందక లేవీయులు, పాటలు పాడేవాళ్ళు ఎవరి పొలానికి వాళ్ళు వెళ్ళిపోయారు. గాదె ఖాళీ అయ్యేసరికి మందిరంలో పాట ఆగింది.

మిజోరం ప్రెస్బిటేరియన్ చర్చి స్త్రీలకు ఈ సంగతి బాగా తెలుసు. పూటపూటకీ పిడికెడు తీసిపెట్టే ‘బుహ్‌ఫాయ్ థామ్’ 1910లో వాళ్ళు మొదలుపెట్టిందే. ఆ బియ్యం అమ్మిన డబ్బు సువార్త పనికి వెళ్తుంది. ఇప్పటికీ మానలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇవ్వమని చెప్పే ప్రసంగాలు చాలా విన్నాను. అదే అధ్యాయంలో హిజ్కియా మందిరంలో నిల్వగదులు సిద్ధం చేయించి, కొనన్యానీ అతని తమ్ముడు షిమీనీ వాటిమీద పెట్టి, వాళ్ళ చేతికింద మరో పదిమందిని పేర్లతో సహా నియమించిన వచనాల మీద మాత్రం ఒక్క ప్రసంగమూ వినలేదు. పెద్దవాళ్ళకీ చిన్నవాళ్ళకీ నమ్మకంగా పంచడానికి మనుషుల్ని పెట్టారు కూడా. అమ్మ పిడికెడు ఎక్కడికి వెళ్ళిందో అడిగితే చెప్పగలిగే సంఘంలోనే రెండో పిడికెడు పడుతుంది.

ఇప్పుడు మా చర్చి గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ అంటించారు. నేనూ ఫోన్లోనే పంపిస్తాను. అయినా కుక్కర్లోకి బియ్యం కొలిచేటప్పుడు, ఆఖరి గ్లాసు దగ్గర, చెయ్యి ఒక్క క్షణం డబ్బా కోసం వెతుకుతుంది.