కంచె దగ్గర లెంపకాయ

పదకొండు దాటినా నిద్ర రావడం లేదు. కారణం పెద్దదేమీ కాదు. భోజనాల దగ్గర అన్నయ్య తన పిల్లలకు మా నాన్న వేట కబుర్లు చెబుతూ, "గురి తప్పిందని తాతయ్య మీ అత్తకు లెంపకాయ ఇచ్చారు, తెలుసా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న నన్ను కొట్టిన మాట నిజమే, ఆయన బతికున్నన్నాళ్ళలో ఆ ఒక్కసారే. కానీ గురి తప్పినందుకు మాత్రం కాదు. నేను నోరు తెరిచేలోపు కబుర్లు ఇంకెక్కడికో వెళ్ళిపోయాయి.

అన్నయ్య ఎప్పుడూ ఇంతే. తెల్లవారుజామున లేవలేక ఒక్కనాడూ మా వెంట రాలేదు గానీ, వేట కథలన్నీ తన కళ్ళముందే జరిగినట్టు చెబుతాడు. గురి తప్పడం నాన్న దృష్టిలో తప్పే కాదు. నా పదో ఏట ఎయిర్‌గన్ చేతికిచ్చి, ఏడాది పాటు కాగితం మీది నల్లచుక్కను తప్ప దేన్నీ కొట్టనివ్వలేదు. స్ప్రింగు తుపాకీని బిగించి పట్టుకుంటే గుళ్ళు చెదిరిపోతాయనీ, అరచేతిలో వదులుగా ఆనించుకుని, సగం ఊపిరి వదిలి, ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కాలనీ చెప్పేవారు. ఆ తరువాత 12 బోర్ ఇచ్చారు, మధ్యలో మడత విప్పి తూటాలు పెట్టే రెండు గొట్టాల తుపాకీ. ఒక పౌండు సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కొక్కటి ఆ గొట్టంలో సరిగ్గా పట్టే కొలత అది. 30 మీటర్ల దూరంలో ఎగిరే పిట్టను తూటాలోని చిన్న గుళ్ళు చేరడానికి దాదాపు 0.1 సెకను పడుతుందనీ, ఆ లోపు అది ఒకటిన్నర మీటరు ముందుకు పోగలదు కాబట్టి పిట్టను కాక అది చేరబోయే చోటును కొట్టాలనీ, పేలాక కూడా తుపాకీని దానితోపాటు కదుపుతూనే ఉండాలనీ నేర్పారు. నేను వరుసగా ఏడు తూటాలు వృథా చేసిన రోజున కూడా ఒక్క మాట అనలేదు.

లెంపకాయ తిన్న రోజు కౌజుపిట్ట తప్పిపోయింది. ఆ ఉక్రోషంలో నేను విసవిసా నడిచి ముళ్ళతీగల కంచె దాటబోయాను. కంచె దాటేముందు తుపాకీని మధ్యకు విరిచి, తూటాలు రెండూ తీసేసి, గొట్టం మనుషుల వైపు లేకుండా అవతల నేలమీద పెట్టాకే కాలు ఎత్తాలి. నేను అదేమీ చేయలేదు. చొక్కా చేయి తీగకు తగులుకుంది, తుపాకీ పక్కకు తిరిగింది, గొట్టం నాన్న కడుపుకు ఎదురుగా వచ్చి ఆగింది. ఆయన దాన్ని పక్కకు నెట్టి, నా చేతిలోంచి తీసుకుని విరిచారు. ఒకటి ఖాళీ తొడుగు. రెండోది పేలని తూటా. దాని ఇత్తడి అంచు ఆయన వేళ్ళకు మూడుసార్లు జారింది. చివరికి జేబులో వేసుకున్నాక కొట్టారు.

ఇంతవరకూ అన్నయ్య మీద కోపంతోనే రాశాను. ఇప్పుడు మరొకటి గుర్తుకు వస్తోంది. గురి తప్పినందుకు కొట్టారని ఆ సాయంత్రం ఇంట్లో చెప్పింది నేనే. చెంప చూసి అమ్మ అడిగితే, గొట్టం ఎవరి వైపు తిరిగిందో చెప్పడానికి నోరు రాలేదు. చెబితే మరునాటి నుంచి వేట కూడా ఉండదు. నాన్న అక్కడే కూర్చుని నూనెగుడ్డ చుట్టిన కడ్డీని గొట్టంలో ఆడిస్తున్నారు. తల ఎత్తలేదు, కాదనలేదు. ఆ రాత్రి అమ్మ ఆయన్ను ఎన్ని మాటలన్నదో, అన్నిటినీ పడ్డారు. పాపం అన్నయ్య విన్నదే చెబుతున్నాడు.

ఆ చలికాలంలోనే మొదటి పిట్టను కొట్టాను. దాని గురించి మాత్రం పెద్దగా ఏమీ గుర్తు లేదు.

రేపు పిల్లలు లేవగానే అసలు సంగతి చెప్పాలి. పెద్దది అప్పుడే, ఆ ఎయిర్‌గన్ ఎక్కడుందని రెండుసార్లు అడిగింది.