ఇరవై మూడు వాద్యబృంద రచనలు, ఒక వేసవి

విజయవాడలో మాకు వీణ నేర్పిన గురువుగారు రాసిపెట్టిన 23 వాద్యబృంద రచనలను, ఒక్కటీ వదలకుండా రికార్డు చేయాలని మేము నలుగురు శిష్యులం పూనుకున్నాము. పండిట్ రవిశంకర్, ఆ తరువాత మన వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందానికి చేసిన రచనలను రేడియోలో వింటూ మా గురువుగారు కలం పట్టారు. అయితే పాడే మాటలూ (సాహిత్యం), మృదంగం వంటి తాళవాద్యాలు విడిగా వాయించే వంతూ (తనియావర్తనం) లేని పావుగంట రచనను మన కచేరీ సభల్లో ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తోచక, అవి బీరువాలోనే ఉండిపోయాయి.

రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు హక్కులు వారసులవే కనుక ఆయన పిల్లల వద్ద రాతపూర్వక అనుమతి తీసుకున్నాము. అది ఒక్క పూటలో తెమిలింది. అసలు చిక్కు కాగితాలతో వచ్చింది. అన్ని వాద్యాలనూ ఒకచోట చూపే ప్రతి లేదు, ఏ వాద్యానికి ఆ వాద్యం విడి కాగితాలే ఉన్నాయి, అవి కూడా చాలావరకు జిరాక్సులు. స్వరం మీద చుక్క పెడితే తారస్థాయి, అంటే పై స్థాయి; కింద పెడితే మంద్రం, అంటే కింది స్థాయి. జిరాక్సులో ప్రతి మరకా చుక్కలాగే కనబడుతుంది.

ఖర్చు తగ్గుతుందని మొదట తాళం దెబ్బలు చెవిలో వింటూ ఒక్కొక్కరం విడిగా వాయించి చూశాము. లయ కుదిరింది గానీ, వీణ మీది గాంధారం ('గ' స్వరం) ఊగిన తీరు ఒకటి, వయొలిన్ మీద ఊగిన తీరు ఒకటి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకపోతే గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, కలవదు. దాంతో మిగతా వాద్యకారులతో కలిపి పదకొండు మందిమీ గవర్నరుపేటలోని అద్దె గదిలో, ఆటోల మోత తగ్గాక, అర్ధరాత్రి నుంచి కూర్చోవడం మొదలుపెట్టాము. మే నెల, పైగా చప్పుడు పడుతుందని ఏసీ కట్టేయడంతో, మూడో రాత్రికి నా వీణ మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడి రెండు మెట్లు ఒరిగిపోయాయి. నూజివీడు నుంచి పనివాడు వచ్చి సరిచేసేదాకా రెండు రోజులు పని ఆగింది. (బెజవాడ ఎండలో ఈ పని పెట్టుకోవద్దని ఇంట్లోవాళ్లు ముందే చెప్పారు.)

చారుకేశి రాగంలోని రచనకు వేణువు కాగితం అసలు దొరకలేదు. మేమే ఏదో పూరిద్దామన్నవారు మాలో ఉన్నారు, నేను ఒప్పుకోలేదు. చివరికి గురువుగారి రోజుల్లో క్లారినెట్ వాయించిన పెద్దాయన ఒకరు ఆ వరుసంతా కూనిరాగం తీసి వినిపించారు. కానీ మూడో ఆవర్తనంలో (తాళం మూడో చుట్టులో) వయొలిన్ తారస్థాయికి ఎగిరి ఆ వరుసను పూర్తిగా కప్పేస్తోంది. పెద్దాయన జ్ఞాపకమే తప్పిందేమోనని మేము మొహమొహాలు చూసుకుంటుంటే, ఆయన వయొలిన్ కాగితాన్ని దీపం దగ్గర పెట్టి చూసి, "ఇది చుక్క కాదు బాబూ, ఈగ రెట్ట" అన్నారు. ఆ స్వరాన్ని మధ్యస్థాయిలో వాయించగానే వయొలిన్ వేణువు కిందికి ఒదిగింది. మూడున్నరకు ఆ రచన ముగించి, అప్పటికే పూర్తయ్యాయని పక్కన పెట్టిన ఆరు రచనల కాగితాలనూ మళ్లీ దీపం కిందికి తెచ్చాము.